బొమ్మ రాని సాయంత్రం

"వచ్చిందా?" అని డాబా మీదినుంచి ఆశన్న అరిచాడు. "రాలే" అని కింద వాకిట్లో నిలబడ్డ రేణుకమ్మ అరిచింది. లోపల టీవీ ముందు కూర్చుని బటన్లు తిప్పుతున్న బాలన్న ఏమంటే అదే ఆమె పైకి అందిస్తోంది, అందించే ముందు తన ఉప్పూ కారం కాస్త కలుపుతోంది. "గరగర తప్ప ఏం లేదన్నా, మంగలంల పేలాలు ఏంచినట్టున్నది!" వాకిలంతా నవ్వింది. ఆశన్న రెండు చేతులతో పైపు పట్టుకొని ఆంటెన్నాను జానెడు ఇటు తిప్పాడు, మళ్లీ జానెడు అటు తిప్పాడు, నిజామాబాద్ టవర్ ఉన్న తూర్పు వైపు ముఖం పెట్టి, గాలిలో ఏదో వెతుకుతున్నవాడిలా కళ్లు చికిలించాడు. వెతకవలసిన పని లేదని అతనికి తెలుసు. దిక్కు తప్పితే బొమ్మ మీద బొమ్మ పడుతుంది, మనిషి పక్కన ఆ మనిషి నీడే ఇంకోటి నిలబడుతుంది, ఎంత పాడైనా గొంతు ఎంతో కొంత వస్తుంది. ఇప్పుడు నీడా లేదు, గొంతూ లేదు. అంటే ఆంటెన్నా పట్టవలసింది పట్టింది, పట్టింది కిందికి దిగడం లేదు, తప్పు వైరులో ఉంది. మెట్లెక్కి వచ్చిన మరుక్షణమే ఈ సంగతి తెలిసిపోయింది. తెలిసీ తిప్పుతున్నాడు, తిప్పుతుంటే పొద్దు గడుస్తుంది, గడిస్తే ఆ కార్యక్రమం కాస్తా అయిపోతుంది, అయిపోతే పెండ్లాం గంగుబాయి తన గురించి ఏం చెప్పిందో ఈ గల్లీలో ఎవ్వరి చెవినా పడదు.

ఏం చెప్పిందో. నెల రోజులుగా అదే ముల్లు. హైదరాబాదు నుంచి టీవీవాళ్లు వ్యానులో వచ్చి బీడీ కార్ఖానాలో పొద్దంతా ఉన్నారట, ఆకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం అంతా కెమెరాలో పట్టారట, ఆ తర్వాత కొందరు ఆడవాళ్లను చాటలు ఒళ్లో పెట్టుకొనే కూర్చోబెట్టి మాట్లాడించారట, ఆ కొందరిలో తన పెండ్లాం ఒకతి. ఇంతవరకు అదే కార్ఖానాలో పనిచేసే రేణుకమ్మే చెప్పింది, ఆ తర్వాతి మాట కూడా ఆమే చెప్పింది, "మీ ఆయన ఏం జేస్తడమ్మా అని నీ గురించి గూడ అడిగిండ్రన్నా" అని. ఏం జెప్పింది అంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "టీవీల ఏస్తరు గదా, గప్పుడు సూస్తవ్ తియ్" అన్నది. కొంగు వెనక ఆ నవ్వు ఎటువంటిదో ఎంత ఆలోచించినా తేలలేదు. గంగుబాయిని అడగవచ్చు, ఒకే ఇంట్లో ఒకే కంచంలో తిని బతుకుతున్న మనిషి, కానీ అడగాలంటే ఆ రోజు నువ్వెక్కడున్నావని ఆమె తిరిగి అడుగుతుంది, అడగకపోయినా అడిగినట్టు చూస్తుంది. ఆ రోజు అతను కల్లు కాంపౌండులో ఉన్నాడు. బండ మీద కాళ్లు ముడుచుకొని కూర్చుని, సీసా వెనక సీసా ఖాళీ చేస్తూ, పని మాన్పించిన మేస్త్రీని, ఆ మేస్త్రీని కన్న తల్లిని తిడుతూ ఉన్నాడు. అతను తిడుతున్న ఆ వేళకే కెమెరా ముందు ఆ ప్రశ్న ఆమె మీద పడి ఉంటుంది. మీ ఆయన ఏం చేస్తాడు. అందరూ ఊరికే అడిగే మాట, బస్సులో పక్క సీటువాళ్లు అడుగుతారు, పెండ్లి పందిట్లో ఆకు వేస్తూ అడుగుతారు. ఏర్గట్లలో ఆమె తమ్ముడి ఇంట్లో పసుపు రైతులు నలుగురు కూర్చున్నచోట ఎవరో అడిగితే, అతను నోరు తెరిచేలోపే గంగుబాయి వంటింటి గుమ్మంలోంచి "షుగర్ ఫ్యాక్టరీల" అన్నది. అప్పటికే అతను సీజన్ పనికి కూడా పోవడం లేదు. చారులో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది అన్నట్టు ఎంత తేలికగా అన్నదో ఆ అబద్ధం. ఏర్గట్లలో చెల్లిన అబద్ధం కార్ఖానాలో చెల్లదు, పక్కన అంతమంది ఆడవాళ్లు, అందరికీ అందరి మొగుళ్లు తెలుసు. నిజం చెప్పి ఉంటుంది. నిజం చెప్తే ఏముంటుంది చెప్పడానికి? ఏం చెయ్యడు సారూ, తింటడు, పంటడు, నేను చుట్టిన బీడీల మీద కల్లు తాగుతడు.

"ఆశన్నా, నిద్రవోయినవా ఏంది పైన?" రేణుకమ్మ. తిప్పుతున్నా, తిప్పుతున్నా అన్నాడు. పడమటి గాలికి శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీ వైపు నుంచి చెరుకు మడ్డి వాసన వచ్చి గొంతులో కూర్చుంది. ఈ వాసన తగిలితే బోధన్‌లో పుట్టినవాడికి ఎవడికైనా సీజన్ మొదలైందని తెలుస్తుంది, అతనికి మాత్రం బండ్ల వరస గుర్తుకొస్తుంది. ఎడపల్లి దిక్కునుంచి రోడ్డు పొడుగూతా చెరుకు బండ్లు ఒకదాని తోక ఒకటి పట్టుకొని నిలబడేవి, బండి కింద లాంతరు, లాంతరు పక్కన మనిషి, ఎడ్లు నిలబడే నెమరు వేసేవి. ఆరో తరగతిలో బడి ఎగ్గొట్టి ఆ వరసలో చెరుకు గడలు లాగుతూ తిరిగేవాడు, లెక్కల సారు పేరు చెప్పి ఎవరైనా బెదిరిస్తే బండి ఎక్కి ఎడ్ల పగ్గాలు పట్టేవాడు. చదువు మాన్పించింది ఎవరూ కాదు, చెరుకు తీపి, అంతే. తర్వాత తనకే బండి అయింది, తెల్ల ఎద్దు, మైల ఎద్దు, గిట్టలకు లాడాలు కొట్టిస్తే సిమెంటు రోడ్డు మీద టకటకమని వచ్చే ఆ చప్పుడుకు గల్లీలో ఆడవాళ్లు తలుపులు తెరిచి చూసేవారు, అట్లా తెరిచి చూసినవాళ్లలో గంగుబాయి ఒకతి. ఆ తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, బండి పోయింది, ఎడ్లు పోయాయి, తను ఫ్యాక్టరీ యార్డులో సీజన్ కూలీ అయ్యాడు, మేస్త్రీ ఏదో అన్నాడని వాడి కాలర్ పట్టాడు, అక్కడితో అదీ పోయింది. మేస్త్రీ ఏమన్నాడో ఇప్పుడు సరిగా గుర్తు కూడా లేదు. ఆ రోజు మాట పడి ఊరుకుంటే అయిపోయేది. ఊరుకోనందుకు మొగోడిననుకున్నాడు, కల్లు కాంపౌండులో అందరూ మొగోడివే అన్నారు, ఇంటికొస్తే గంగుబాయి పక్కకు జరిగి చాటలో ఇంకో దోసెడు తంబాకు పోసుకున్నది. అది కూడా ఒక రకం తిట్టే.

కింద గొంతులు పెరిగాయి. కార్యక్రమం మొదలయ్యే వేళ అయిందని బాలన్న బయటికి వచ్చి చెప్తున్నాడు. "ఇగ గిది కాదుగని, నడువుండ్రి, వెనక గల్లీల దేవిదాస్ సేటు ఇంటికి పోదాం. కలర్ టీవీ, సాఫ్‌గ కనవడ్తది." చెప్పుల చప్పుడు. ఆశన్న పైపు పట్టుకొనే వంగి విన్నాడు. పొండి, పోకండి, ఏది కోరుకోవాలో తెలియలేదు, సేటు ఇంట్లో రంగుల్లో, అంత పెద్ద గొంతుతో, పట్టె మంచాల మీద కూర్చున్న సేటు బంధువుల మధ్య ఆమె తన సంగతి చెప్తే అది ఇంకా ఘోరం. అప్పుడు గంగుబాయి గొంతు వినపడింది, ఎక్కువ మాట్లాడని మనిషి గొంతు, మాట్లాడితే అందరూ ఆగుతారు. "మీరు పోతే పోండ్రి. నా ఇంట్ల టీవీ ఉండంగ నేనొకరి గడప కాడ ఎందుకు నిలవడుత? ఆయన పైన ఉన్నడు గదా. వస్తది." చెప్పుల చప్పుడు ఆగింది. "మొగుని మీద గంత నమ్మకమానే గంగూ!" అని రేణుకమ్మ, "నీ లెక్క నమ్మకపోతే ఎట్లనే" అని గంగుబాయి, మళ్లీ నవ్వులు, మళ్లీ అందరూ చాప మీద కూర్చున్న అలికిడి. ఆమె కొత్త చీర కట్టుకున్నది. పొద్దున్నే కార్ఖానాకు పోకుండా తలస్నానం చేసి, చీర మడతలు దులిపి కట్టుకున్నది, ఎవరి పెండ్లి అని అతను వెక్కిరించాడు, నాదే అన్నది. తన మొఖం తను అద్దంలో తప్ప ఎక్కడా చూసుకోని మనిషి. పెండ్లి ఫోటో కూడా లేదు, ఫోటో తీసేవాడికి చెప్పే పని ఆశన్నది, చెప్పలేదు.

ఆగలేక వంగాడు. పైపు మీద, నడుము ఎత్తులో, వైరుకు జాయింటు ఉంది, కిందటి వానకాలం కోతులు వైరు తెంపితే తనే కలిపాడు, చదును వైరులోని రెండు పోగులు ఒకదానికొకటి తాకకుండా మధ్యన అగ్గిపుల్ల పెట్టి, పైన టేపు చుట్టాడు. ఎండకు ఆ టేపు ఎప్పుడో ఊడిపోయింది, మళ్లీ చుట్టాలి చుట్టాలి అనుకుంటూ చుట్టలేదు. ఇప్పుడు ఆ జాయింటు మీద ఎద్దు లాడం ఉంది. నల్లదారంతో రెండు మిరపకాయలు, ఒక నిమ్మకాయ, వాటి మధ్యన తుప్పు పట్టిన ఇనుప లాడం, అదంతా పైపుకు బైండింగ్ తీగతో బిగించి కట్టి ఉంది, ఆ తీగ బోడి పోగుల మీదుగానే మెలి తిరిగి రెండింటినీ కలిపేసింది. వెంకటవ్వ, తన తల్లి. అవ్వ తప్ప ఎవరు కడతారు? పొద్దున మిరపకాయలు ఎండబెట్టడానికి మెట్లెక్కింది, దిగడానికి చాలా సేపు పట్టింది, ఏం జేస్తున్నవే పైన అంటే "నీకెందుకు" అన్నది. కోడలు టీవీలో కనపడుతుంది, ఊరూరా చూస్తారు, నిజామాబాద్‌లో చూస్తారు, హైదరాబాదులో చూస్తారు, అన్ని కండ్లు ఒక్క ఆడమనిషి మీద పడితే ఏమైనా ఉందా? బొమ్మ ఏ దారిన ఇంట్లోకి వస్తుందో ఆ దారి మీదే అవ్వ కాపలా పెట్టింది. గడపకు కట్టినట్టే కట్టింది, చేతికి అందిన ఎత్తులో కట్టింది, ఆ ఎత్తులోనే జాయింటు ఉంది. ఆ లాడం కూడా తన ఎడ్లదే అయి ఉంటుంది, బండి అమ్మినా అవ్వ వాటిని గూట్లో దాచుకున్నది. తను బండి తోలిన కాలంలో, అంత మంచి ఎడ్లను చూసి ఊరంతా కళ్లు పెట్టుకున్న కాలంలో, తనకు ఎప్పుడైనా దిష్టి తీసిందా అని ఒక్క క్షణం అడ్డదిడ్డంగా అనిపించింది, యాభైకి దగ్గరపడినవాడికి ఆ కుళ్లు ఎక్కడినుంచి వచ్చిందో. తీగను మెలి విప్పితే బొమ్మ వస్తుంది. చేయి ముందుకు పోయింది కూడా. మిరపకాయ తొడిమె వేలికి తగిలింది, అక్కడే ఆగింది.

విప్పలేదు. తను ఏమీ చెయ్యలేదు కదా. చెడగొట్టలేదు, తెంపలేదు, ఆంటెన్నా పక్కకు తిప్పి దొంగాట ఆడలేదు. అవ్వ కట్టింది, తను విప్పలేదు, అంతే. ఎప్పుడూ ఇంతే కదా తన బతుకు, ఏదీ చెడగొట్టడు, ఏదీ విప్పడు, పక్కన నిలబడి చూస్తాడు. నడుమెత్తి మళ్లీ పైపు పట్టుకొని గట్టిగా, కిందికి వినపడేటట్టు, "ఇప్పుడు?" అన్నాడు. "ఇప్పుడు గూడ రాలే!" "ఇప్పుడు?" "లేదన్నా!" ఆ 'లేదన్నా'లో ఇప్పుడు నవ్వు లేదు. తన అరుపు తనకే వినపడింది, అందులో నిజంగా కష్టపడుతున్నవాడి ఆయాసం ఉంది, అంత బాగా ఎట్లా వచ్చిందో. టీవీ ఇంటికొచ్చిన రోజు ఇట్లాగే అరిచాడు, ఆ రోజు నిజంగా. బీడీల డబ్బుతో గంగుబాయి తెచ్చిన టీవీ, తెచ్చింది ఆమే అయినా ఆంటెన్నా నిలబెట్టడానికి మనిషిని పిలుస్తానంటే అతనికి రోషం వచ్చింది, నేను లేనా అన్నాడు. నిజామాబాద్ పోయినప్పుడు బస్టాండ్ దగ్గరి దుకాణంలో మెకానిక్ చేసే పని నిలబడి చూసేవాడు, ఆ చూసిందే చదువు. చేప ముల్లులాంటి ఆ కడ్డీలు, పొట్టి కడ్డీ టవర్ వైపు ఉండాలి, పొడుగుది వెనక ఉండాలి. పైపు తిప్పుతూ తిప్పుతూ ఉంటే కిందినుంచి ఆమె కేక వేసింది, "ఆగాగు, ఆగు, గక్కన్నే ఉంచు!" ఆ కేకలో ఎన్నడూ లేని చిన్నపిల్ల గొంతు ఉండింది. తర్వాత రేణుకమ్మ ఇంటిమీద పెట్టాడు, బాలన్న ఇంటిమీద పెట్టాడు, గాలివానకు ఒరిగితే నిలబెట్టాడు, ఎవరైనా సీసా కల్లు పోయిస్తే తాగాడు, లేకుంటే లేదు. అదొక పని అని అతను ఎన్నడూ అనుకోలేదు. పని అంటే పొద్దున పోయి సాయంత్రం వచ్చేది.

అప్పుడు వినపడింది. మొదట సంగీతం, సాయంత్రం కార్యక్రమాల ముందు వచ్చేది, వెనక గల్లీ నుంచి, సేటు ఇంటి పైకప్పు మీదుగా, గాలి ఇటు తిరిగినప్పుడల్లా. కింద బాలన్న గరగరను పెద్దగా పెట్టి కూర్చున్నాడు, వాకిట్లో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, వాళ్ల చెవులకు అందదు, డాబా మీద ఉన్నవాడికి మాత్రం తేటగా అందుతోంది. ఎవరో ఆడమనిషి, పుస్తకం భాషలో, బీడీ కార్మిక మహిళల శ్రమ గురించి చెప్తోంది. తర్వాత చాటల చప్పుడు. తర్వాత ఇంకెవరివో గొంతులు. తర్వాత ఒక మగ గొంతు, మర్యాదగా, "మీ ఆయన ఏం చేస్తారమ్మా?" ఆశన్న పైపును రెండు చేతులా పట్టుకొని కళ్లు మూసుకున్నాడు. కింద తన వాకిట్లో కూర్చున్న మనిషి, సేటు ఇంటి టీవీలోంచి, చిన్నగా నవ్వింది. "మా ఆయననా? ఆంటెన్నాలు నిలవెడ్తడు సారూ. మా గల్లీల ఎవలింట్ల బొమ్మ రాకున్నా ఆయననే పిలుస్తరు. ఆయన చెయ్యి వడ్డదంటే బొమ్మ రావాల్సిందే."

అబద్ధం కాదు. అదే తట్టుకోలేకపోయాడు. షుగర్ ఫ్యాక్టరీ అనలేదు, ఏమీ చెయ్యడు అనలేదు, పక్కన అంతమంది ముందు ఎవరూ కాదనలేని మాట ఒకటి కావలసి వచ్చినప్పుడు, ఇన్నేండ్ల మొగుణ్ణి పైనుంచి కింది దాకా వెతికి వెతికి, అబద్ధం కాని ఆ ఒక్కటి పట్టుకొని చెప్పింది. రేణుకమ్మ కొంగు చాటు నవ్వు ఇందుకు. కొత్త చీర ఇందుకు. ఆమెకు ఆమె మొఖం చూసుకోవాలని ఎంత ఉందో, ఆ మాట తను వింటుంటే తన మొఖం చూడాలని అంతే ఉండి ఉంటుంది. జాయింటు మీదికి వంగాడు. తీగ విప్పబోతే రాలేదు. అవ్వ గట్టిగా, ప్రేమగా, మెలి మీద మెలి వేసి బిగించింది. ఏ కొస ఎటు పోయిందో తెలియదు, గోరు విరిగింది, తుప్పు గోరులోకి దిగింది, నిమ్మకాయ చితికి చేతుల మీద కారి మండింది, సేటు ఇంట్లో ఇంకా ఆమె గొంతే, ఆకు గురించి ఏదో, వేళ్ల నొప్పుల గురించి ఏదో, ఆగు గంగూ ఆగు, ఇంకొంచెం మాట్లాడు, పళ్లతో పట్టి లాగాడు, నోట్లో ఇనుప రుచి, మళ్లీ పుస్తకం భాష ఆడమనిషి, మళ్లీ సంగీతం, అప్పుడు ఊడింది. లాడం సిమెంటు మీద పడి టంగుమన్నది.

"వచ్చింది! అన్నా, వచ్చింది! అద్దం లెక్క వచ్చింది!" రేణుకమ్మ ఎగిరినంత పని చేసింది. వాకిలంతా లోపలికి తోసుకున్న చప్పుడు. టీవీలోంచి ఒకాయన వరి పంటకు తగిలే కాండం తొలిచే పురుగు గురించి, ఏ మందు ఎంత నీళ్లలో కలపాలో తాపీగా చెప్తున్నాడు. అందరూ పురుగును చూస్తున్నారు. "అయిపాయెనా?" అని వెంకటవ్వ అడిగింది. సందు మలుపులోంచి సేటు భార్య ప్రమీలమ్మ చప్పట్లు కొట్టుకుంటూ వచ్చేసింది. "అరే గంగుబాయీ, ఎంత మంచిగ మాట్లాడినవే! రంగుల్ల ఎంత సక్కగున్నవ్! మీ ఆయన గురించి చెప్పినవ్ సూడు, ఆయన చెయ్యి వడ్డదంటే బొమ్మ రావాల్సిందే అని, మా ఇంట్ల అందరు ఒకటే నవ్వుడు. మీరు సూసిండ్రా?" ముందు బాలన్నకు ముక్కులోంచి నవ్వొచ్చింది, తర్వాత రేణుకమ్మ అందుకున్నది. "చెయ్యి వడ్డదే గంగూ, బొమ్మ గూడ వచ్చింది, నువ్వు వోయినంక వచ్చింది!" వాకిలి మొత్తం పగలబడి నవ్వింది, గోడ అవతలివాళ్లు కూడా ఏమైందేమైందని అడిగి తెలుసుకొని నవ్వారు. ఏ నవ్వు వినకూడదని గంట నుంచి ఇక్కడ నిలబడ్డాడో ఆ నవ్వే. తనే పైకెక్కి, తన చేతులతో తయారుచేసి కిందికి పంపినట్టు. డాబా అంచుదాకా వచ్చి చూశాడు. నవ్వుతున్న తలల మధ్య కొత్త చీర కదలకుండా ఉంది. గంగుబాయి నవ్వడం లేదు, ఏడవడం లేదు, పైకి చూస్తోంది.

"ఏమైంది దానికి?" అన్నది. అందరూ పైకి చూశారు. అవ్వ కూడా చూసింది, అరచేయి నొసటి మీద పెట్టుకొని, ఆంటెన్నా పైపు వైపు, తను కట్టిన చోటు వైపు. ఆ ఇనుప ముక్క పేరు చెప్తే చాలు, తప్పంతా అవ్వ మీదికి పోతుంది, అది అబద్ధం కూడా కాదు. మాట అతని నోటిదాకా వచ్చింది. కాలితో దాన్ని నీళ్ల డ్రమ్ము వెనకకు నెట్టాడు.

"నాదే తప్పు గంగూ" అన్నాడు. "జాయింటు కాడ తీగ తాకిచ్చుకున్నది. సూడలే."

సూడలే అన్న ఆ చివరి మాట ఎట్లా వచ్చి చేరిందో. నాదే తప్పు దగ్గర ఆపుదామనుకున్నాడు. గంగుబాయి కాసేపు అతన్ని చూసి, వాకిట్లోవాళ్ల వైపు తిరిగింది, పోట్లాటకు తిరిగినట్టు. "ఎందుకట్ల నవ్వుతరు? పొద్దు గూకేటప్పుడు ఎండ సీద కండ్లల్ల కొడ్తది, ఆ ఎండల ఏం కనవడ్తది ఆయనకు? మీరెక్కి నిలవడుండ్రి ఒక ఘడియ, తెలుస్తది." "గదైతే నిజమే పాపం" అన్నాడు బాలన్న. నవ్వులు తగ్గాయి. "ఎండ కొట్టిందానే అన్నా?" అని రేణుకమ్మ పైకి అడిగింది, జాలిగానే.

అతను అంతసేపూ తూర్పున నిజామాబాద్ వైపే తిరిగి నిలబడ్డాడు. ఎండ మొదటినుంచీ అతని వీపు మీద ఉంది. "ఔ" అన్నాడు ఆశన్న. "కండ్లల్లనే కొట్టింది."